ఎండి బిగుసుకుపోయిన మంగలి కత్తి తోలు పట్టీని మళ్ళీ వాడకంలోకి తేవడం ఎలా?

పొదిలోకత్తి

నమస్కారమండీ. మంగలి కత్తి అంచును లాగి సానపట్టడానికి గోడకు వేలాడదీసి వాడే పాత తోలు పట్టీ ఒకటి బాగుచేయాలి. పొడవు 22 అంగుళాలు, వెడల్పు రెండున్నర, తోలు మందం 3 మిల్లీమీటర్ల చిల్లర. దాని వెనక విడిగా నార గుడ్డ పట్టీ ఉంది. పైకొసన ఇనుప కొక్కెం, ఇత్తడి రివెట్లు. ముద్ర అరిగిపోయింది కాబట్టి ఏ జంతువు తోలో తెలియడం లేదు.

ఇప్పుడున్న స్థితి ఇది. తోలు పై ముఖం మధ్యలో నల్లగా గాజులా మెరుస్తోంది, రెండు కొసల్లో లేత గోధుమ రంగు. వంచితే సన్నటి ముడతలు పడుతున్నాయి. ఎడమ అంచున రెండు గాట్లు, ఒక్కోటి 2 మిల్లీమీటర్ల లోపు. మధ్యలో ఒకచోట కత్తి కోసుకుపోయి చిన్న రేకులా లేచింది. అక్కడక్కడ తెల్లటి మచ్చలు. రివెట్ల చుట్టూ పచ్చటి మైనం లాంటిది పేరుకుంది, కొక్కెం దగ్గర తోలుకు నల్ల మరక. నార గుడ్డ మీద తుప్పు మరకలు.

ఇంట్లో ఆముదం, కొబ్బరి నూనె, షూ పాలిష్ ఉన్నాయి. నీట్స్‌ఫుట్ ఆయిల్ తెప్పించగలను. ఏది ముందు చేయాలి, ఏది ఎంత వాడాలి? అలంకారానికి గోడకు తగిలించడం నా ఉద్దేశం కాదు, రోజూ కత్తి పట్టాలి.

తోలుపని

నూనె సీసా ఇప్పుడే తెరవకండి. మురికి మీద నూనె పోస్తే ఆ మురికి తోలు లోపలికి దిగుతుంది, తర్వాత గీకినా రాదు.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఆ తోలు ఎండిందా, కుళ్ళిందా అన్నది. వెనక వైపు, అంటే గరుకు ముఖాన్ని వేలితో గట్టిగా రుద్దండి. ఇటుక పొడి లాంటి ఎర్రటి ధూళి వేలికి అంటితే అది రెడ్ రాట్. చెట్ల బెరడుతో పదును చేసిన పాత తోళ్ళకు, ముఖ్యంగా 19వ శతాబ్దం చివరి నాటివాటికి పట్టే రోగం ఇది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను తోలు పీల్చుకుంటుంది, లోపల ఆమ్లం పుట్టి పోగుల్ని తినేస్తుంది. దానికి మందు లేదు. తడి తగిలితే అలాంటి తోలు నల్లబడి అట్టలా బిగుసుకుంటుంది. పాత పుస్తకాల అట్టలకైతే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ పట్టించి పొడి రాలకుండా ఆపుతారు, కత్తి పట్టే పట్టీకి అది పనికిరాదు. రెడ్ రాట్ అని తేలితే కొక్కెం, రివెట్లు దాచుకుని తోలు కొత్తది వేసుకోవడమే.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. పై ముఖం మీద మాత్రమే ఎరుపు ఉంటే అది పాత రూజ్ పేస్టు కావచ్చు. రూజ్ అంటే ఐరన్ ఆక్సైడ్, మెరుగు పెట్టే పొడి. అది ఒకే మందాన పూసినట్టు ఉంటుంది, వెనక వైపు కనబడదు. కుళ్ళు అయితే వెనకా, అంచుల్లోనూ రాలుతుంది.

రెండో పరీక్షకు 4 అంగుళాల ప్లాస్టిక్ పైపు మీద పట్టీని నెమ్మదిగా వంచండి. వంచినప్పుడు వచ్చిన ముడతలు సాపు చేయగానే మాయమైతే అది ఎండు మాత్రమే. పగులు నోరు తెరిచి లోపలి పోగులు కనిపిస్తే అంతవరకు తోలు పోయినట్టే. ఆ పగులు కొస నుంచి 2 అంగుళాల లోపు ఉంటే నష్టం లేదు, కత్తి అక్కడిదాకా వెళ్ళదు. మధ్యలో ఉంటే మాత్రం ఎంత నూనె పెట్టినా అది పూడదు.

వంచినప్పుడు ముడత బదులు మెత్తటి అలలా లేచి, పై ముఖాన రోమకూపాల గుర్తులు అసలు లేకపోతే అది షెల్ కార్డోవన్ కావచ్చు. గుర్రం పిరుదు దగ్గర చర్మం లోపల ఉండే గట్టి పొర నుంచి తీసేది అది. అదే అయితే ఇసుక కాగితం జోలికి పోకండి, ఇక్కడ చెప్పేదంతా మీకు వర్తించదు. తడిగుడ్డతో తుడవడం, అరచేత్తో రుద్దడం, గాజు సీసాతో పాముకోవడం, అంతే.

మూడోది నీటి చుక్క. కొసన ఒక చుక్క వేయండి. నాలుగైదు సెకన్లలో ఇంకిపోతే తోలులో కొవ్వు అయిపోయింది. నిమిషం పైగా ముత్యంలా నిలిస్తే లోపల ఇంకా కొవ్వు ఉంది, లేదా పైన పొర కట్టింది. మీ నల్లటి మెరుపు మీద నిలుస్తుంది, కొసల్లో ఇంకుతుంది అనుకుంటున్నాను. రెండుచోట్లా చూడండి.

తెల్ల మచ్చల సంగతి. హెయిర్ డ్రయ్యర్‌ను 8 అంగుళాల దూరంలో పెట్టి తక్కువ వేడి మీద అర నిమిషం ఆడించండి. కరిగి కనబడకుండా పోతే అది లోపలి కొవ్వు పైకి తేలి గడ్డకట్టినది, భయం లేదు, గుడ్డతో తుడిచేయడమే. కరగకుండా నూగులా అలాగే ఉండి ముక్కిపోయిన వాసన వస్తే అది బూజు.

పచ్చటి మైనం చిలుము. ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వు ఆమ్లాలు కలిసి పుడుతుంది. వెదురు పుల్లతో గీకి పొడిగుడ్డతో తుడవండి. తడి చేస్తే పాకుతుంది. ఇదే పచ్చదనం రివెట్లకు దూరంగా, కత్తి నడిచే చోట ఉంటే అది క్రోమియం ఆక్సైడ్ పేస్టు, అదీ కత్తికి మెరుగు పెట్టేదే, దాన్ని వేరే పద్ధతిలో తీయాలి.

కొక్కెం దగ్గరి నల్ల మరక, కరక్కాయలకు అన్నభేది కలిపి సిరా చేసినప్పటి నలుపు ఒకటే. బెరడు రసంలోని టానిన్‌కు ఇనుము తగిలితే నల్లబడుతుంది. ఆ మరక వల్ల పట్టీ పనితనానికి లోటు లేదు, వదిలేయండి. ఈ కారణంతోనే పట్టీని స్టీల్ పీచుతో మాత్రం రుద్దకండి. రేణువులు తోలులో చిక్కుకుని నలుపు చుక్కలు చేస్తాయి, వాదరనూ, అంటే కత్తి పదునైన అంచునూ గీస్తాయి.

ఈ మూడు పరీక్షల ఫలితం ఇక్కడ రాయండి. తర్వాతి మెట్టు దాన్నిబట్టి.

చీరాలనేత

తోలు సంగతి పైవారు చెప్తున్నారు, నేను గుడ్డ గురించి చెప్తాను. దాన్ని చాలామంది పట్టించుకోరు. కానీ కత్తి ముందు నడిచేది గుడ్డ మీదే, అక్కడి తుప్పు వాదర మీదుగా తోలు మీదికి చేరుతుంది.

ముందు అది నిజంగా ఉత్త నార గుడ్డేనా చూడండి. కొన్ని పాత పట్టీల గుడ్డకు పైన గట్టి పూత ఉంటుంది. వంచితే పెళుసుగా పగిలి పొడి రాలితే ఉతకకండి, పూత పెచ్చులుగా ఊడుతుంది. తడి పిండేసిన గుడ్డతో తుడవడం వరకే.

ఉత్త గుడ్డ అయితే తోలు నుంచి, ఇనుము నుంచి విడదీసి ఉతకాలి. కొక్కెంతో సహా తడిపితే కొత్త తుప్పు మరక ఖాయం. చన్నీళ్ళు, మామూలు స్నానం సబ్బు, మెత్తటి బ్రష్. నేత పోగుల వెంట రుద్దండి, అడ్డంగా రుద్దితే నూగు లేస్తుంది. మొదటి నీళ్ళు బూడిద రంగులో వస్తాయి, అది కత్తి నుంచి రాలిన ఇనుప పొడి. నీళ్ళు తేటగా వచ్చేవరకు నాలుగైదు సార్లు మార్చండి.

తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు కలిపి పూసి ఒక గంట ఉంచి బాగా జాడించండి. మరక పూర్తిగా పోకపోయినా వేలికి గరుకు తగలకపోతే చాలు. బ్లీచింగ్ పౌడర్ వద్దు, తుప్పును ఇంకా ముదురు చేస్తుంది, నార బలం తీసేస్తుంది.

ఆరేసేటప్పుడు పై అంచుకు రెండు క్లిప్పులు, కింది అంచుకు ఒక కిలో బరువు. నార తడిసి ఆరితే కొంచెం కుదించుకుంటుంది, బరువు లేకపోతే వంకరగా ఆరి మళ్ళీ ఎన్నటికీ బిగుతుగా నిలబడదు. కాస్త తేమ ఉండగానే ఇస్త్రీ చేసి, బల్ల మీద పరిచి గాజు సీసాను గట్టిగా అదిమి 50 సార్లు నడపండి. చివరగా పొడి తెల్ల సబ్బు ముక్కను ఒక్కసారి పైపైన రాసి అరచేత్తో పామండి. ఎక్కువ రాస్తే ఉండలు కడుతుంది.

పొదిలోకత్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పరీక్షలు చేశాను. వెనక వైపు ఎర్ర పొడి లేదు. పైపు మీద వంచితే ముడతలు సాపు చేయగానే పోతున్నాయి, పగులు ఒక్కటే, అది పిడి వైపు కొస నుంచి ఒకటిన్నర అంగుళంలో ఉంది. రోమకూపాలు కనిపిస్తున్నాయి కాబట్టి కార్డోవన్ కాదు. నీటి చుక్క కొసల్లో వెంటనే ఇంకింది, నల్లటి చోట నిలిచింది. తెల్ల మచ్చల్లో ఎక్కువ భాగం డ్రయ్యర్‌కు కరిగాయి. పై కొసన రెండు కరగలేదు, ముక్కిపోయిన వాసన ఉంది.

గుడ్డకు పూత లేదు, ఉతుకుతాను. ఇప్పుడు ఆ నల్లటి పొర ఎలా తీయాలి? రేకుకు ఫెవిక్విక్ వేయొచ్చా?

తోలుపని

మంచి తోలే. పని మొదలుపెట్టండి. ముందుగా ఆ రెండు బూజు మచ్చలు: మాస్కు వేసుకుని, ఇంటి బయట, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ తడిగా ఉంటే చాలు, తోలు మీద నేరుగా పోయకండి. తుడిచిన గుడ్డ పారేయండి, అదే గుడ్డతో వేరేచోట తుడిస్తే బూజు అక్కడికీ పాకుతుంది.

నల్లటి పొర పాత సబ్బు, కొవ్వు, ఇనుప పొడి కలిసి కత్తి కింద ఒత్తిడికి గట్టిపడిన పెంకు. పాత ఏటీఎం కార్డును పడుకోబెట్టినట్టు వాలుగా పట్టుకుని పొడవు వెంట గీకండి. నల్లటి పొడి రాలుతుంది. కార్డు దిగని చోట గుడ్డకు కొద్దిగా వైట్ పెట్రోల్ తడిపి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. కిటికీలు తీసి, దగ్గర మంట లేకుండా చూసుకోవాలి. పెట్రోల్ పెంకుతో పాటు తోలులోని కొవ్వునూ లాగుతుంది, అందుకే చోటు చోటుకు రెండుసార్ల కంటే ఎక్కువ వద్దు.

తర్వాత సబ్బు కడుగుడు. గోరువెచ్చటి నీళ్ళు, గ్లిసరిన్ సబ్బు. బ్రష్ మీద నురగ చేసుకుని, ఆ నురగతోనే తోలు రుద్దాలి, నీళ్ళతో కాదు. పట్టీని బకెట్లో ముంచడం, కుళాయి కింద పెట్టడం చేయకండి. పొడవు మొత్తం ఒకేసారి, ఒకే తడితో పూర్తి చేయండి. సగంలో ఆపితే తడి ఆగినచోట గీత పడుతుంది. వేడి నీళ్ళు వద్దు, పాత తోలు వేడి తడికి ముడుచుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సబ్బు అసలు వద్దు. తోలు స్వభావం ఆమ్లం, వాటిది క్షారం, లోపలి టానిన్‌ను కడిగేసి తోలును నల్లగా, గట్టిగా చేస్తాయి.

తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, చదునైన బల్ల మీద పరిచి నీడలో ఆరనివ్వండి. ఫ్యాను పర్వాలేదు, ఎండ వద్దు. కోస్తాలో అయితే 48 గంటలు, వానాకాలం ఇంకో రోజు.

గాట్లు, రేకు ఇప్పుడు. ఫెవిక్విక్ వద్దు. ఆరాక గాజులా గట్టిపడుతుంది, దాని మీద వాదర నడిస్తే చిట్లుతుంది, పట్టీ వంగినప్పుడు పగిలి మళ్ళీ లేస్తుంది. చెప్పులు కుట్టేవారు వాడే సొల్యూషన్, అంటే రబ్బరు జిగురు వాడండి, ఆరినా సాగుతుంది. అగ్గిపుల్ల కొసతో రేకు లోపలి వైపు, కింది తోలు మీద పల్చగా రాసి, 10 నుంచి 15 నిమిషాలు అలాగే వదిలేయండి. వేలికి అంటకుండా ఆరాక రెండూ కలిపి అదిమి, సీసాతో పామండి. తడిగా ఉండగా అతికిస్తే నిలవదు, అందరూ తొందరపడేది ఇక్కడే. అంచు నుంచి బయటికి వచ్చిన జిగురును వేలితో ఉండలు చేసి తీసేయండి. 24 గంటలు ఆగండి.

ఇసుక కాగితానికి ముందు ఒక మాట. తోలు పైముఖం పట్టీకి ప్రాణం, అక్కడి పోగులే అన్నిటికంటే సన్నం, దట్టం. ఒకసారి అరగదీస్తే తిరిగి రాదు. కాబట్టి అవసరమైన చోటే, అవసరమైనంతే. అంచు గాట్లకు 220 నంబరు కాగితంతో అంచు మూలను కాస్త గుండ్రంగా చేయండి, 2 మిల్లీమీటర్ల గాటు దాదాపు కలిసిపోతుంది. మొత్తం ముఖానికి 220 వాడొద్దు. చదునైన చెక్కకు కాగితం చుట్టి, పట్టీని బల్లకు బిగించి 400తో ఒక 20 సార్లు, 600తో 30 సార్లు, పొడవు వెంటే నడపండి. విద్యుత్ యంత్రం వాడితే వేడికి తోలు కాలుతుంది, పల్లాలు పడతాయి.

దుమ్ము తీయడం ఇసుక కాగితం పని కంటే ముఖ్యం. కాగితం నుంచి రాలిన ఒక్క రేణువు తోలులో మిగిలినా ప్రతిసారీ వాదరను అదే చోట గీస్తుంది. బ్రష్‌తో దులిపి, వెడల్పు టేపు అతికించి లాగండి. టేపు మీద ఏమీ అంటనంతవరకు కొత్త టేపు మారుస్తూ పోవాలి. తేలికగా అతుక్కునే టేపే వాడండి, ప్యాకింగ్ టేపు కొత్తగా అతికించిన రేకును లేపేస్తుంది.

నూనె మీద రేపు రాస్తాను, అది విడిగా చెప్పాల్సిన విషయం.

తోలుపని

నూనె. మీ దగ్గరున్నవి ఏవీ వద్దు. చెప్పులకు ఆముదం పట్టించడం మన దగ్గర పాత అలవాటు, చెప్పుకు మంచిదే. పట్టీకి చెడు, ఎందుకంటే అది చిక్కన, పైనే జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, చలికాలం ఉదయాన పట్టీ మీద తెల్లగా తేలుతుంది. షూ పాలిష్‌లో మైనం, రంగు ఉంటాయి, కత్తి పట్టు దొరక్క జారిపోతుంది. ఎవరైనా అవిసె నూనె చెప్తే వినకండి. అది గాలికి ఆరి వార్నిష్‌లా గట్టిపడే నూనె, కొన్నాళ్ళకు తోలు పెళుసవుతుంది.

నీట్స్‌ఫుట్ ఆయిల్ పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది. చల్లబడినా గడ్డకట్టదు, లోపలికి సులువుగా దిగుతుంది. సీసా మీద ‘ప్యూర్’ అని ఉండాలి. ‘కాంపౌండ్’ అంటే మినరల్ ఆయిల్ కలిపినది, తీసుకోకండి.

ఎంత అన్నదే అసలు ప్రశ్న. మీ పట్టీ వైశాల్యం 55 చదరపు అంగుళాలు. మొదటి పూతకు 10 చుక్కలు, అంటే అర మిల్లీలీటరు. అంతే. సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, చుక్కలు చేతిలో వేసుకుని, రెండు అరచేతులకు పులిమి, వెనక గరుకు ముఖానికి పట్టించండి. కత్తి నడిచే ముఖానికి నేరుగా వద్దు. వెనక నుంచి ఎక్కిన నూనె 24 గంటల్లో ముందుకు చేరుతుంది, అప్పుడు పై ముఖం జిడ్డెక్కదు. మర్నాడు మళ్ళీ వంచి చూడండి. ఇంకా కరకర శబ్దం ఉంటే ఇంకో 10 చుక్కలు. ఎంత ఎండిన పట్టీ అయినా మొత్తం 2 మిల్లీలీటర్లు దాటకండి.

ఎప్పుడు ఆపాలో తెలియడానికి: పై ముఖం మీద టిష్యూ కాగితం పరిచి, దాని మీద బరువైన పుస్తకం రాత్రంతా ఉంచండి. ఉదయాన కాగితానికి నూనె మరక లేకుండా, పట్టీ శబ్దం చేయకుండా వంగితే చాలు. ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుండు అనిపిస్తుంది, ఆ ఇంకాస్త దగ్గరే పట్టీ చెడుతుంది. చెప్పు మెత్తగా ఉండాలి, పట్టీ మాత్రం కొంచెం బిగువుగానే ఉండాలి. మెత్తబడిన తోలు కత్తి బరువుకు దిగబడి, వాదర వెనకాల మళ్ళీ పైకి లేచి, అంచును గుండ్రంగా చేస్తుంది.

సానరాయి

తోలుపని గారి శుభ్రపరిచే పద్ధతితో నాకు పేచీ లేదు. నూనె విషయంలోనే వేరే మాట చెప్తాను. మీ పట్టీ పైపు మీద పగలకుండా వంగుతోంది, పగులు కొసలోనే ఉంది. దీనికి నూనె అవసరమే లేకపోవచ్చు. ముందు సబ్బు నురగతో ప్రయత్నించండి, చాలకపోతే నూనె ఎప్పుడైనా పెట్టొచ్చు. పెట్టిన నూనెను తీయడమే కష్టం.

సెలూన్లలో సగం బ్లేడు పెట్టే కత్తి రాకముందు మంగలివారు పట్టీని గడ్డం సబ్బు నురగతో కూడా కాపాడుకునేవారు. పద్ధతి ఇది. మెంథాల్, రంగు లేని గడ్డం సబ్బు, వీలైతే పశువుల కొవ్వుతో చేసినది. బ్రష్‌తో గట్టి నురగ చేయండి, నీళ్ళు తక్కువ, గిన్నె బోర్లించినా పడకూడదు. బఠాణీ గింజంత నురగ పై ముఖాన వేసి అరచేత్తో, ముఖ్యంగా మణికట్టు దగ్గరి మెత్తటి భాగంతో, నురగ కనబడకుండా పోయేవరకు రుద్దండి. మళ్ళీ అంతే. నాలుగైదు సార్లలో పొడవంతా పడుతుంది. తడి ఉండగానే నున్నటి గాజు సీసాతో రెండు వైపులా ఒత్తి 10 నిమిషాలు పామాలి. సీసాకు అచ్చు గీత ఉంటే ఆ గీత తోలుకు తగలకుండా పట్టుకోండి. రాత్రంతా ఆరనివ్వండి. ఇలా మూడు రోజులు.

సబ్బులోని కొవ్వు, గ్లిసరిన్ తోలుకు సరిపడేంతే ఎక్కుతాయి. సీసా ఒత్తిడికి పై పోగులు పడుకుని దట్టంగా కలిసిపోతాయి. కత్తి లాగుతుంటే తోలు మెల్లగా పట్టి వదులుతున్నట్టు ఉండాలి, దాన్నే డ్రా అంటారు. ఆ డ్రా ఈ పద్ధతిలో వచ్చినంత బాగా నూనెతో రాదు.

తోలుపని

పొదిలోకత్తి గారూ, మీ పట్టీ పగలకుండా వంగుతోంది కాబట్టి సానరాయి గారు చెప్పిన వరస ముందు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఒక్క హెచ్చరిక. సబ్బు క్షారమే కాబట్టి మూడు రోజులు దాటకండి. కొసల్లో నీటి చుక్క వెంటనే ఇంకిన తోలు అది, ఆ కొసలకు మాత్రం వెనక నుంచి మూడేసి చుక్కల నూనె ఎలాగూ కావాలి. సబ్బు కంటే ముందు కాదు, సబ్బు ఆరిన తర్వాత.

కాకినాడగాలి

బూజు పట్టిన పట్టీ అన్నారు కాబట్టి దాచే సంగతి. సముద్రం దగ్గర ఊళ్ళలో తుడిచిన బూజు మళ్ళీ వస్తుంది, కారణం పట్టీని చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టడమే. వేలాడదీయండి, గోడకు ఆనకుండా గాలి ఆడాలి. స్నానాల గది గోడకు వద్దు. వానాకాలం మూడు నెలలు పెట్టెలో పెట్టక తప్పకపోతే నూలు గుడ్డలో వదులుగా చుట్టి, పక్కన 50 గ్రాముల సిలికా జెల్ ఉంచి, పదిహేను రోజులకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వండి. సిలికా జెల్ తోలుకు తగలకూడదు, అక్కడ ఎండి మచ్చ పడుతుంది. కొవ్వు వాసనకు ఎలుకలు, బొద్దింకలు కొరుకుతాయి, అది కూడా చూసుకోండి.

మరో మూలకారణం తడి కత్తి. కడిగిన కత్తిని పొడిగుడ్డతో తుడిచాకే పట్టీ మీద పెట్టాలి. పిడి సందులో నిలిచిన నీటి బొట్టు ఒక్కటి చాలు మచ్చ పడడానికి.

పొదిలోకత్తి

శుభ్రం చేయడం, రేకు అతికించడం, 400, 600 కాగితం, మూడు రోజుల నురగ అయ్యాయి. రేకు వేలికి తగలడం లేదు. కానీ కొసలకు నూనె పెట్టేటప్పుడు లెక్క తప్పింది, పిడి వైపు మూడు చుక్కల బదులు చాలా పడింది. అక్కడ టిష్యూకు మరక వస్తోంది, కత్తి వెన్ను పెట్టి లాగితే ఆ ఐదంగుళాల్లో బరువుగా పట్టేస్తోంది. ఏం చేయాలి? రోజువారీగా ఎన్నిసార్లు లాగాలో కూడా చెప్పండి.

సానరాయి

ముల్తానీ మట్టి. బాగా జల్లించిన మెత్తటి పొడి, వాసన నూనెలు కలపనిది. తడపకండి, పొడిగానే వెనక ముఖాన, పై ముఖాన ఆ ఐదంగుళాల మేర పావు అంగుళం మందాన పరిచి, పైన కాగితం వేసి, పుస్తకం బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి. నూనె పీల్చిన పొడి రంగు మారి ఉండలు కడుతుంది. దులిపి కొత్త పొడి వేయండి. రెండు మూడు విడతల్లో టిష్యూ శుభ్రంగా వస్తుంది. తర్వాత ఆ పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా బ్రష్, టేపు, మళ్ళీ బ్రష్. చివరగా పొడి గాజు సీసాతో 100 సార్లు.

ఆ తర్వాత వారం రోజులు పట్టీకి కత్తి చూపించకండి. రోజూ ఉదయం అరచేత్తో, మణికట్టు దగ్గరి భాగంతో 50 సార్లు పొడవంతా వేగంగా రుద్దండి. చేయి వేడెక్కాలి. చేతికి క్రీము, నూనె ఉండకూడదు. ఆ వేడి, చర్మంలోని కొద్దిపాటి జిడ్డు కలిసి పట్టీని సర్దుతాయి. ఇక మీదట అదే దాని ఆహారం, వాడే ప్రతిసారీ ముందు 10 సార్లు రుద్దితే ఏడాది పొడుగునా నూనె అవసరం రాదు.

మొదటిసారి మంచి కత్తి పెట్టకండి. వాదర పోయిన పాత కత్తి ఉంటే దానితో 30, 40 సార్లు నడిపి చూడండి. పొడవంతా ఒకే శబ్దం రావాలి. ఎక్కడైనా శబ్దం మారితే అక్కడ రేణువో, లేచిన పోగో ఉన్నట్టు. ఆగి 600 కాగితం, టేపు.

రోజువారీ లెక్క: గుడ్డ మీద 20, తోలు మీద 50. ఒక్కో లెక్క అంటే పోవడం, రావడం. వెన్ను ముందు, వాదర వెనక. కొస దగ్గర కత్తిని వాదర మీద తిప్పితే గాటు పడుతుంది, వెన్ను మీదే దొర్లించాలి. మీ పట్టీకి పడిన గాట్లు ఎడమ అంచున ఉన్నాయంటే ఎవరో దొర్లించకుండా తిప్పినట్టు, లేదా పట్టీని వదులుగా పట్టుకున్నట్టు. బిగించి లాగి పట్టండి, మధ్యలో అర అంగుళం కంటే ఎక్కువ జారకూడదు. కత్తి బరువు చాలు, పైన ఒత్తిడి పెట్టొద్దు. మీ పట్టీ వెడల్పు రెండున్నరే కాబట్టి వాదర మొత్తం తగలడానికి పోయేటప్పుడు కత్తి మడమ, అంటే పిడి దగ్గరి భాగం వైపు నుంచి మొన వైపుకు కొంచెం ఏటవాలుగా జరపాలి.

ఈ తోలు మీద ఎప్పటికీ పేస్టు రాయకండి. క్రోమియం ఆక్సైడ్ కావాలంటే విడిగా చెక్కకు అతికించిన ఇంకో తోలు ముక్క మీద, బియ్యపు గింజంత. ఒకసారి పడిన పేస్టు ఇసుక కాగితంతో తప్ప రాదు. మీ పట్టీ పై ముఖాన ఇంకోసారి అరగదీయడానికి ఎక్కువ మిగల్లేదు.